ఎక్స్ = 3 నిలువు గీతా, అడ్డ గీతా? పిల్లలకి తప్పు చెప్పేసానని కుమిలిపోతున్న ఓ ట్యూషన్ అమ్మకి జవాబు

అమలాపురం దగ్గర ఓ ఊరి నుంచి ఒకావిడ రాసారు. పేరూ ఊరూ వెయ్యొద్దు మాస్టారూ అన్నారు కాబట్టి వెయ్యట్లేదు. ఉత్తరం పెద్దదే, సంగతి మాత్రం చెప్తాను.

ఆవిడకి 35 ఏళ్ళు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు చదువుతుండగా పెళ్ళి చేసేసారు, పరీక్షలు రాయలేదు. భర్త కువైట్లో డ్రైవరు. ఇంట్లో అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే కొడుకు. మూడేళ్ళుగా సాయంత్రాలు వరండాలో చాప వేసి చుట్టుపక్కల పిల్లలకి ట్యూషన్ చెప్తున్నారు, ఇప్పుడు కొడుకుతో కలిపి ఏడుగురు, అందులో నలుగురు తొమ్మిది. ఈ మధ్య గ్రాఫుల పాఠం వచ్చింది. ఎక్స్ అక్షం అడ్డంగా ఉంటుంది కదా కాబట్టి ఎక్స్ = 3 అడ్డ గీత, వై అక్షం నిలువు కాబట్టి వై = -2 నిలువు గీత అని నలుగురి చేతా గీయించారు, అలాంటివే ఇంకో పది లెక్కలు ప్రాక్టీసు కూడా చేయించారు. వారం తిరక్కుండా స్కూల్లో స్లిప్ టెస్టు పెట్టారు, ఎక్స్ = 3, వై = -2 గీసి రెండూ కలిసే బిందువు రాయమని. ముగ్గురు (-2, 3) అని రాసి మొత్తం మార్కులు పోగొట్టుకున్నారు. ఒక్క అబ్బాయి మాత్రం గీతలు తిరగేసి గీసినా బిందువు (3, -2) అని సరిగ్గానే రాసాడు.

ఇలా గీయమని ఎవరు చెప్పారు అని క్లాసులో అడిగితే నలుగురూ ఆవిడ పేరే చెప్పారట. ఆ సాయంత్రమే ఓ అమ్మాయి తండ్రి వచ్చి గేటు దగ్గర నిలబడి, ఇంటర్ కూడా పాసవ్వని మనిషి దగ్గరకి పంపడం మాదే బుద్ధితక్కువ అని వీధంతా వినేలా అనేసి వెళ్ళాడు. అత్తగారు మానెయ్యవే ఎందుకొచ్చిన మాటలు అంటున్నారు. భర్తకి ఇంకా చెప్పలేదు. "ఇవన్నీ పడతాను మాస్టారూ, కానీ మావాడు ఆ రోజు నుంచి నా ముందు లెక్కల పుస్తకం తియ్యట్లేదు, డౌటొస్తే యూట్యూబ్ చూసుకుంటున్నాడు, నేను దగ్గరికెళ్తే ఫోను మూసేస్తున్నాడు. ట్యూషన్ మానెయ్యనా? మానకపోతే ఏ మొహం పెట్టుకుని కూర్చోను? ఇంకోటి, నిజం చెప్తున్నాను, నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఎక్స్ గీత నిలువుగా ఎందుకుండాలి? మరి ఎక్స్ = 0 అంటే అసలు గీతే ఉండదా?" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో గీతల సంగతీ మనసు సంగతీ కలిసి ముడిపడిపోయాయి. ముందు గీతల ముడి విప్పుదాం, ఎందుకంటే అది విప్పకుండా మీరు ట్యూషన్ ఉంచినా భయమే, మానేసినా ఆ బాధ అలాగే ఉండిపోతుంది.

నేను కోనసీమ స్కూళ్ళలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పాను. మీరు చేసిన తప్పు ప్రతి ఏడాదీ ప్రతి క్లాసులో కనిపించేది, బాగా చదివే పిల్లల్లో కూడా, కాబట్టి ఇది ఇంటర్ పాసవ్వకపోవడం వల్ల వచ్చింది కాదు. ఆ తప్పుకి ఓ కారణం ఉంది. ఎక్స్ అక్షం పడుకుని ఉంది, దాని పేరే ఎక్స్, కాబట్టి ఎక్స్ = 3 కూడా దాని చుట్టమే అయ్యుంటుంది, పడుకునే ఉంటుంది అనిపిస్తుంది. పేరు చూసి పోలిక కట్టేస్తాం. కానీ ఎక్స్ = 3 అనేది గీతకి పేరు కాదమ్మా, అది ఒక షరతు. ఈ కాయితం మీద ఎన్ని చుక్కలున్నాయో వాటన్నిటినీ పిలిచి, మీలో ఎవరి ఎక్స్ 3 ఉందో వాళ్ళు మాత్రం ఉండండి, మిగతావాళ్ళు వెళ్ళిపోండి అని చెప్పడం. మిగిలినవాళ్ళు ఎలా నిలబడ్డారో అదే గీత. అడ్డమా నిలువా అని మనం ముందే తేల్చుకోనక్కర్లేదు, చుక్కలే చెప్తాయి.

ఇప్పుడు మీ ఇంటి వెనక 40 సెంట్ల కొబ్బరి తోట ఉందని రాసారు కదా, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. దక్షిణం వైపు పంట బోదె తూర్పు పడమరలుగా పారుతోంది అనుకుందాం, మీకు దిక్కు వేరైతే దాన్నిబట్టి మార్చుకోండి. బోదె గట్టు మీద పడమర మూల ఉన్న చెట్టుని మూలబిందువు అనుకోండి, దాని నంబరు (0, 0). అక్కడి నుంచి తూర్పుకి ఎన్ని చెట్లు దాటామో అది ఎక్స్, ఉత్తరానికి ఎన్ని వరసలు లోపలికెళ్ళామో అది వై. మన దగ్గర చెట్టుకీ చెట్టుకీ సుమారు 25 అడుగులు వదిలి నలుపక్కలా వరసల్లో పెడతారు కాబట్టి కొబ్బరి తోటంత మంచి గ్రాఫు పేపరు ఇంకోటి ఉండదని నా నమ్మకం. ఇప్పుడు ఒక్కో పిల్లాడికీ ఒకే మాట చెప్పండి, తూర్పుకి సరిగ్గా మూడు చెట్లు నడువు, ఆ తర్వాత ఉత్తరానికి నీ ఇష్టం, ఎంతైనా వెళ్ళు, వెళ్ళకపోయినా పర్లేదు. ఒకడు గట్టు మీదే ఆగిపోతాడు, వాడు (3, 0). ఒకమ్మాయి ఒక వరస లోపలికెళ్తుంది, (3, 1). ఇంకోడు చివరిదాకా పరిగెడతాడు, (3, 4). అందరూ ఆగాక మూల చెట్టు దగ్గర నిలబడి చూడండి. పిల్లలు బోదె వెంట వరస కట్టలేదు, బోదె నుంచి లోపలికి ఉత్తరానికి వరస కట్టారు. ఎందుకంటే తూర్పు నడక అందరికీ ఒకటే, తేడా వచ్చింది ఉత్తరం నడకలోనే. అదే ఎక్స్ = 3, కాయితం మీద ఉత్తరాన్ని పైకి పెట్టుకుంటే నిలువు గీత. తర్వాత ఉత్తరానికి రెండు వరసలు కచ్చితంగా వెళ్ళండి, తూర్పు మీ ఇష్టం అనండి, ఈసారి బోదెకి సమాంతరంగా నిలబడతారు, అది వై = 2. ఒక్క అక్షరమే ఉండే ఇలాంటి సమీకరణంలో ఏ అక్షరం ఉందో అది కట్టేసి ఉంటుంది, ఏ అక్షరం కనపడదో అది స్వేచ్ఛగా తిరుగుతుంది, గీత తిరిగేదాని వెంట సాగుతుంది.

వరసలో ఓ చెట్టు లేదనుకోండి, 96 నవంబరు తుఫానులో పడిపోయి మళ్ళీ పెట్టని ఖాళీలు ఇప్పటికీ కొన్ని తోటల్లో ఉన్నాయి కదా, ఆ ఖాళీలో నిలబడ్డ పిల్లాడు కూడా ఎక్స్ = 3 మీదే ఉన్నట్టు. చెట్టుకీ చెట్టుకీ మధ్యలో నిలబడ్డా అంతే, (3, 1.5) కూడా ఆ గీత మీదదే. ఇది పిల్లల చేత తప్పకుండా చెప్పించండి, చాలామంది గళ్ళు కలిసే చోట మాత్రమే చుక్కలుంటాయి అనుకుంటారు. గట్టు దాటి దక్షిణానికెళ్తే వై మైనస్ అవుతుంది, మూల చెట్టుకి పడమరగా పక్కవాళ్ళ తోటలోకెళ్తే ఎక్స్ మైనస్. మీ టెస్టులో వచ్చిన వై = -2 అంటే గట్టుకి అవతల రెండు వరసల దూరంలో, బోదెతో పాటే సాగే అడ్డ గీత.

ఇక్కడ మీరు ఒక్కసారి ఆ రోజు వేసిన గీతలు గుర్తు తెచ్చుకోండి. ఎక్స్ = 3 అడ్డంగా గీయాలంటే మీరు 3 ఎక్కడ గుర్తు పెట్టి ఉంటారు? ఎక్స్ అక్షం మీద 3 దగ్గర పెట్టి అడ్డంగా గీస్తే అది ఎక్స్ అక్షం మీదే పడిపోతుంది, కాబట్టి వై అక్షం మీద 3 దగ్గర పెట్టి ఉంటారు. అంటే ఎక్స్ ఎంత అని చెప్తే మీ చెయ్యి వై దగ్గరికెళ్ళి కొలిచింది. తప్పు జరిగింది సరిగ్గా ఆ క్షణంలో. పిల్లలకి ఇది చూపించండి. ఎక్స్ విలువ ఎక్స్ అక్షం మీదే గుర్తు పెట్టాలి, అక్కడి నుంచి గీత ఎటు సాగగలదు అని అడగండి, నిలువుగా తప్ప దారి లేదని వాళ్ళే చెప్తారు.

ఆ ఒక్క అబ్బాయి గీతలు తప్పు గీసి కూడా (3, -2) అని రాసాడన్నారు కదా. వాడు గ్రాఫు చూడకుండా బుర్రలో ఆలోచించాడు, ఎక్స్ 3 అన్నారు, వై -2 అన్నారు, రెండూ ఒప్పుకునే చుక్క (3, -2) ఒక్కటే కదా అని. వాడికి షరతు అర్థమైంది, గీతే మీ మాట విని గీసాడు. తోటలోకెళ్ళిన రోజు వాడి చేత ఆ లెక్క మిగతావాళ్ళకి చెప్పించండి. ముగ్గురు రాసిన (-2, 3) ని తీసుకుని ఎక్స్ ఎంత అని అడిగితే -2 అంటారు, మరి మనకి కావాల్సింది 3 కదా అని వాళ్ళకే తడుతుంది. సరిచూసుకోడానికి అంతకంటే ఏం అక్కర్లేదు.

"ఎక్స్ నిలువు, వై అడ్డం" అని బట్టీ పట్టించెయ్యడం ఇంకో దారి. టెస్టు రేపే ఉంటే అదీ పనికొస్తుంది, కాదనను, నేనూ మొదటి రోజుల్లో అలాగే చెప్పాను. కానీ సైన్సులో అక్షాల పేర్లు మారిపోయి ఓ పక్క కాలం, ఓ పక్క దూరం వస్తే ఆ సూత్రం పట్టుకున్న పిల్లలు నా ముందే తెల్లమొహం వేసారు, అప్పటి నుంచి మానేసాను.

మన గోదారి వాళ్ళకైతే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. వరదలప్పుడు టీవీలో భద్రాచలం నీటిమట్టం చూస్తూ కూర్చుంటాం కదా, అడ్డంగా తేదీలు, నిలువుగా అడుగులు పెట్టి గ్రాఫు గీయించండి. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ఇవి మూడూ అడ్డ గీతలే, వై = 43, వై = 48, వై = 53, ఎందుకంటే తేదీ ఏదైనా సరే 53 అంటే 53 అడుగులే, తేదీ మారినంత మాత్రాన హెచ్చరిక పైకీ కిందకీ జరగదు. 2022 జూలై 16న నీళ్ళు 71.3 అడుగుల దాకా వచ్చాయి. ఆ రోజుకి గీత గీస్తే అది ఎక్స్ = 16, నిలువు, ఆ రోజు పొద్దుట నీళ్ళు ఎంతున్నా రాత్రి ఎంతున్నా తేదీ మాత్రం 16. ఆ నిలువు గీత మీద (16, 53) ఎక్కడుందో, (16, 71.3) ఎక్కడుందో పెట్టించండి. మధ్యలో ఎంత నీరు నిలబడిందో చూసాక మన లంకల పిల్లలు ఆ గ్రాఫు మర్చిపోరు. తర్వాత ధవళేశ్వరానికి వాళ్ళనే గీయమనండి, అక్కడ మూడు హెచ్చరికలూ 11.75, 13.75, 17.75 అడుగులు.

మ్యాపు కూడా చూపించండి, నా ఉద్దేశంలో మీ సందేహానికి అసలు జవాబు అందులోనే ఉంది. రాజమండ్రి, కాకినాడ రెండూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఆ అక్షాంశ రేఖ మ్యాపులో అడ్డంగా పోతుంది, కానీ అది చెప్పేది మనం ఉత్తరానికి ఎంత పైన ఉన్నామో. మీ అమలాపురం, రామచంద్రపురం దాదాపు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, ఒకదాని పైన ఒకటి ఉన్నాయి. ఆ గీత నిలువుగా ఉంటుంది, కానీ చెప్పేది తూర్పుకి ఎంత దూరమో. గీత సాగేది ఒక వైపు, అది కొలిచేది ఇంకో వైపు. ఇది సోషల్లో చిన్నప్పటి నుంచీ చదువుకున్నదే, లెక్కల్లోకి వచ్చేసరికి మాత్రం తికమక పడతాం. (మన దేశం గడియారాలన్నీ నడిచే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకి కాస్త తూర్పుగానే పోతుంది, పిల్లలకి చెప్తే సంబరపడతారు.)

వాలు గురించి ఇప్పుడే తొందర లేదు, పై క్లాసులో వస్తుంది. చదును చేసిన వరి మడిలో నీళ్ళు ఎటూ పారవు, అడ్డ గీత వాలు సున్నా. నిలువు గీతలో పైకి ఎంత ఎక్కినా పక్కకి జరిగింది సున్నా, సున్నాతో భాగించలేం కాబట్టి దాని వాలు చెప్పలేం. అంతవరకు చాలు.

ఇంక రెండో ముడి.

మానెయ్యడం ఒక దారి, అది తప్పేం కాదు. మూడేళ్ళుగా ఇంటి చాకిరీ మీద ఇది కూడా మోస్తున్నారు, అలిసిపోయి ఉంటే ఆపెయ్యండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. కానీ గేటు దగ్గర మాట వల్లే మానేస్తే, ఆ నలుగురికీ తిరగేసిన గీతలు అలాగే ఉండిపోతాయి, మీవాడికి కూడా తప్పొస్తే పుస్తకం మూసెయ్యాలి అన్నదొక్కటే గుర్తుంటుంది.

ఏమీ అనకుండా కొత్తగా చెప్తున్నట్టు పాఠం మళ్ళీ చెప్పెయ్యడం ఇంకో దారి. మీకు ఆ రోజు గొంతు పెగలకపోతే ఇది సులువు. ఇందులో చిక్కేంటంటే పిల్లల నోటుబుక్కుల్లో పాత పది లెక్కలూ అలాగే ఉంటాయి, మీరు రైటు కొట్టినవి. పరీక్ష ముందు రోజు అవి తిరగేసి చదివినవాళ్ళ గతేంటి? అమ్మాయి అయితే నాకే సరిగ్గా వినపడలేదేమో అని తన్నే తిట్టుకోవచ్చు కూడా.

మూడోది నోరు విప్పి చెప్పెయ్యడం. "నేను తప్పు చెప్పాను, మీ మార్కులు పోడానికి కారణం నేనే, మీరు కాదు, పదండి తోటలోకి" అని, అంతే, ఏడవక్కర్లేదు, పది సార్లు క్షమాపణ అక్కర్లేదు. ఆ తర్వాత పాత పది లెక్కలూ ఎర్ర పెన్నుతో మీ చేత్తో మీరే దిద్దండి. ఇలా చేస్తే ఒకరిద్దరు మానేసే అవకాశం ఉంది, మీరే ఒప్పుకున్నారని ఊళ్ళో ఇంకో రెండు మాటలు పడొచ్చు. అది తట్టుకునే ఓపిక ఈ నెల ఉందో లేదో మీకే తెలియాలి. నా మనసు దీని వైపే మొగ్గుతోంది, దాచడం నాకు చేతకాదు.

తొమ్మిది, పది లెక్కలు వదిలేసి ఏడో తరగతి వరకే ఉంచుకోవడం కూడా ఉంది. ఫీజు కొంత తగ్గుతుంది, నిద్ర పడుతుంది. లేదా పెద్ద క్లాసులు ఉంచుకుని, ప్రతి పాఠం చెప్పే ముందు ఒక్క రోజు స్కూలు లెక్కల మాస్టారికి మీ నోటుబుక్కు చూపించుకోవడం, చాలామంది కాదనరు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాసే వీలు కూడా ఉంది, ఆగిపోయిన ఎంపీసీ మీ మనసులో ఇంకా ఉంటేనే సుమా, ఆ తండ్రికి జవాబు చెప్పడానికి మాత్రం రాయకండి.

ఆయన మాటలో రెండు సంగతులున్నాయి. మా పిల్లకి తప్పు చెప్పారు, మార్కులు పోయాయి, ఇది నిజం, దీనికి మీరు జవాబుదారీ. ఇంటర్ పాసవ్వలేదు కాబట్టి పనికిరారు, ఇది ఆయన కోపం. మొదటిదానికి మాత్రం జవాబు చెప్పండి. ఇంటికెళ్ళి చెప్తే గౌరవంగా ఉంటుంది, కానీ వాకిట్లో మళ్ళీ గొడవయ్యే వీలుంది. దిద్దిన నోటుబుక్కు అమ్మాయి చేత పంపి, మీ అమ్మాయి పొరపాటు కాదండి, నాది, సరిచేసాను అని లోపల ఓ ముక్క రాస్తే నెమ్మదిగా చదువుకుంటాడు, ఆ అమ్మాయికి తిట్లు కూడా తప్పుతాయి. అమ్మాయిని ట్యూషన్లో ఉంచుతారా తీసేస్తారా అన్నది ఆయనిష్టానికి వదిలెయ్యండి. కువైట్ ఫోనులో కూడా మీరే చెప్తే మంచిది, ఊళ్ళోవాళ్ళ ద్వారా తెలిస్తే అంత దూరంలో ఉన్న మనిషికి ఎక్కువ కష్టంగా ఉంటుంది.

మీవాడి గురించి ఒక్కటి చెప్పాలి. క్లాసులో నలుగురూ మీ పేరు చెప్పారన్నారు, ఆ నలుగురిలో వాడూ ఉన్నాడు. పధ్నాలుగేళ్ళ పిల్లాడు అందరి ముందూ అమ్మ పేరు చెప్పాల్సొచ్చింది. ఫోను మూసేస్తున్నది మీ మీద చులకనతో అని మీరు అనుకుంటున్నారు, నాకైతే మీరు బాధపడతారని దాస్తున్నాడేమో అనిపిస్తోంది. మిగతావాళ్ళకి చెప్పేకంటే ముందు రోజు రాత్రి వాడితో విడిగా కూర్చోండి. నువ్వు నా పేరు చెప్పడం తప్పు కాదు నాన్నా అనండి. ఆ యూట్యూబ్ పాఠం ఇద్దరం కలిసి చూద్దామా అని అడగండి. వద్దంటే రెండు రోజులు ఆగండి, తోటలో మూల చెట్టు దగ్గర నిలబడి లెక్కపెట్టే పని మాత్రం వాడికే ఇవ్వండి.

ఎక్స్ = 0 గీతే ఉండదా అన్నారు. ఉంటుందమ్మా. పిల్లలతో తూర్పుకి ఒక్క చెట్టు కూడా కదలొద్దు, ఉత్తరానికి మాత్రం మీ ఇష్టం అనండి. మూల చెట్టు నుంచి లోపలికి, పడమర సరిహద్దు వెంట ఉన్న మొదటి వరసలో నిలబడతారు. అది వై అక్షమే. బోదె గట్టు మీద వరస వై = 0, అది ఎక్స్ అక్షం.